కత్తి బాబాయి ఏరేసిన ఎముకలు

జంతుశాలలో మాంసం కోసే ఆయన్ని అందరూ కత్తి బాబాయి అంటారు. కాగితాల మీద ఉద్యోగం పేరు ఇంకేదో ఉంది గానీ, దాన్ని నోరారా పలికినవాడు ఇంతవరకూ లేడు. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, రాతి బల్ల కడిగి, కత్తి నూరాడంటే పదింటిదాకా తల ఎత్తడు. పెద్ద చిరుతలకు ఎముకలతో సహా దిమ్మల్లాంటి ముక్కలు వేసేవాడు. వాటంటే ఆయనకు భయమూ గౌరవమే తప్ప ముద్దు లేదు.

ముద్దంతా చిరుత పిల్ల మీద. తల్లి లేని ఆ పిల్ల పాలు మానగానే దాని తిండి బాబాయి చేతికొచ్చింది. ఆయన కూతురికి మూడేళ్లప్పుడు గొంతులో ఎముక అడ్డంపడి ప్రాణం మీదికొచ్చింది. ఇప్పుడామె ఇద్దరు బిడ్డల తల్లి. అయినా పుట్టింటికొస్తే ఆమె కంచంలో ఎముకలు ఈయనే ఏరిపెడతాడు. అల్లుడు ముసిముసిగా నవ్వినా లెక్కచేయడు. అలాంటి మనిషి చిరుత పిల్లను వదులుతాడా? ఎముక, తోలు, లివర్ అన్నీ తీసేసి, ఎర్రటి కండను మాత్రం వేలెడంత ముక్కలు కోసి పెట్టేవాడు. గోడమీది చార్టులో ‘ఎముకతో’ అని రాసి ఉన్నా, రాసినవాళ్లకేం తెలుసులే అనుకున్నాడు.

రెండు నెలలకు పిల్ల వెనక కాళ్లు ఈడ్వసాగింది. జంతుశాల డాక్టరమ్మ తీసిన ఎక్స్‌రేలో ఎముకలు ఉన్నాయా లేవా అన్నంత పలచగా కనిపించాయి.

"బాబాయ్, నిజం చెప్పు. దీనికేం పెడుతున్నావు?"

"మేలైన కండేనమ్మా! ఒక్క ఎముక లేకుండా, నా కూతురికి పెట్టినట్టే."

ఆమె కోప్పడలేదు. తిట్టి ఉంటే బాబాయికి కాస్త తేలికగా ఉండేది.

"నీ కూతురు ఎముక బలానికి పాలు తాగుతుంది, ఆకుకూరలు తింటుంది. దీనికవి పనికిరావు. పేగు పొట్టిది, ఆకూ గింజా అరిగేలోపే బయటికి పోతాయి. దవడ కిందికీ పైకీ తప్ప పక్కలకి ఆడదు. నమల్లేదు, కోసి మింగేస్తుంది. మిగతా పని కడుపులో ఆమ్లం చూసుకుంటుంది. పచ్చి ఎముకని కూడా కరిగించేస్తుంది. దీని పాలూ ఆకుకూరలూ నువ్వు బకెట్లో పారేసిన ఎముకా, లివరే బాబాయ్."

బాబాయి బోను చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. "మళ్లీ నడుస్తుందా అమ్మా?"

"చెప్పలేను. చిన్న బోనులో కదలకుండా ఉంచుదాం. మందులు నేనిస్తాను, తిండి నువ్వు సరిగ్గా పెట్టు."

ఆరు వారాలు బాబాయికి అన్నం సయించలేదు. మందు పొడి మాంసంలో కలిపాడు, లివర్ తూచి వేశాడు. ఇష్టంతోనే కదా పాడుచేశాను అన్న దిగులు మాత్రం వదల్లేదు.

చివరికి డాక్టరమ్మ చచ్చిన కోడిని ముక్కలు చేయకుండా పెట్టమంది. ఈకలైనా పీకకుండా లోపలికి తోశాడు. పిల్ల వాసన చూసింది. పక్కపళ్లతో కొరికింది. ఫటుక్కున ఎముక విరిగింది. బాబాయి చెయ్యి దానంతటదే తన గొంతు మీదికి పోయింది. పిల్ల గుటుక్కున మింగింది.

ఆయన చువ్వలకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. తన కోడిని లాక్కుపోతాడనుకుందో ఏమో, పిల్ల దాన్ని కరుచుకుని నాలుగు కాళ్ల మీదా లేచి, మూలకు నడిచి, ఇన్నాళ్లూ వేలెడు ముక్కలు తినిపించిన మనిషి మీద గుర్రుమంది.

"తిను తల్లీ, తిను. నేను రాన్లే," అంటూ బాబాయి ఏడుస్తూనే వెనక్కి జరిగాడు.