పెద్దమ్మ ఎత్తిన చెయ్యి

ఇప్పుడు మా సంఘానికి పాస్టర్లు పట్నం నుంచి వస్తారు, పట్నానికి పోతారు. మమ్మల్నెవరూ అడగరు. అలాంటప్పుడల్లా మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

నరసన్నపేట దగ్గర మా బాప్టిస్టు చర్చిలో ఏ నిర్ణయమైనా ఆరాధన అయ్యాక చేతులెత్తి తేల్చుకునేవాళ్ళం. ముందు వరసలో చాప మీద కూర్చునే పెద్దమ్మ మోచెయ్యి వంచకుండా ఎత్తేది. లెక్క పూర్తయ్యేదాకా దించేది కాదు.

ఒక ఆదివారం జిల్లా చర్చిల అధ్యక్షులవారు కారులో వచ్చి, ఇకనుంచి ఆమె కొడుకే, అంటే మా అన్నయ్యే, మా పాస్టరని ప్రకటించారు. మేం స్తోత్రం అనబోతుంటే ఆమె లేచింది.

"సంఘాన్ని అడిగారేటి బాబూ?"

"మేం నియమించాం కదమ్మా."

"మీరు ఎల్లిపోతారు. ఈడి మాట ఇనాల్సినోల్లు ఈల్లు. అడగండి."

ఆయన విసుగ్గానే అడిగారు. సగం చేతులైనా లేవలేదు. అన్నయ్య తల దించేసుకున్నాడు.

బయట చెప్పులు వేసుకుంటూ, "నానంటే ఇష్టం నేదేటమ్మా?" అన్నాడు.

"నా సెయ్యి సూడనేదేట్రా?" అంది పెద్దమ్మ.

తల దించుకున్నవాడికి ఎలా కనబడుతుంది? మిగతావాళ్ళంతా దించేశాక కూడా ఆ చెయ్యొక్కటే నిటారుగా పైన ఉంది.