మొగల్తూరులో బంతి భోజనాల కచేరీ

శనివారం ఉదయం రాజమండ్రిలో నర్సాపురం పాసింజరు ఎక్కాను. పనేమీ లేదు. కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఎవరి ఫోను తెరిచినా "లాకులు" బ్యాండు పాటే. అక్కాతమ్ముళ్ళ బ్యాండు అది. అక్క సునీత పాడుతుంది, తమ్ముడు రాజు గిటారు వాయిస్తాడు. చర్చి క్వయర్‌లో మొదలై, డాబా మీద వీడియోలు తీసి, ఇప్పుడు హైదరాబాదులో టికెట్టు పెట్టి పాడుతున్నారు. సొంతూరు మొగల్తూరులో పాడటం మాత్రం ఇదే మొదటిసారి. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

నిడదవోలులో కిటికీ సీటు దొరికింది. ఎదుటి మాస్టారు నా సంగతి విని, "పాట కోసం ఇంత దూరమా అండీ? ఫోన్లో వస్తుంది కదండీ!" అన్నారు.

"ఫోన్లో పులస చేప కూడా కనిపిస్తుందండి," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వి, భీమవరం దాకా పులస గురించే చెప్పారు.

నర్సాపురంలో లాడ్జి తీసుకుని, భోంచేసి, షేర్ ఆటోలో మొగల్తూరు చేరేసరికి నాలుగైంది. చర్చి పక్క స్థలంలో షామియానా వేస్తున్నారు. సునీత వైర్లు సర్దుతూనే నాకు టీ ఇప్పించింది.

"కాకినాడలో ఆఫీసు ఉద్యోగమండి నాది. మానేసి పూర్తిగా పాటల్లోనే ఉందామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు."

వాళ్ళమ్మ విజయమ్మ గారు అక్కడే ఉన్నారు. "హైదరాబాదు వాళ్ళదేముందండి, దేనికైనా చప్పట్లు కొడతారు. మనూరి వాళ్ళు లేవకుండా కూర్చుని వింటే, అప్పుడు మానెయ్యమనండి."

అంతవరకూ బాగానే ఉంది. కానీ పిలిచినవాళ్ళని ఆకలితో కూర్చోబెడితే పరువు పోతుందని, ఆవిడే పాటకి ముందు భోజనాలు మొదలుపెట్టించారు. మా వైపు చెయ్యి కడిగితే ఇక ఇంటికే కదా! మొదటి బంతి కోడి పలావు తిని, కిళ్ళీ వేసుకుని, "చాలా బాగుందమ్మా" అని చక్కా వెళ్ళిపోయింది. స్టేజి ముందు కుర్చీల్లో నేనొక్కణ్ణే మిగిలాను. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

"అయిపోయిందిరా రాజూ. సోమవారం ఆఫీసుకే," అంది సునీత.

రాజు స్పీకరు ఎత్తుకున్నాడు. "వాళ్ళు మన దగ్గరికి రాకపోతే మనమే వెళ్దాం, పదక్కా."

నేనూ ఒక వైరు మోశాను. రెండో బంతి తింటున్న బల్లల మధ్య నిలబడి సునీత పాట అందుకుంది. కరెంటు పోయిన రాత్రి డాబా మీద కబుర్ల పాట. మొదట్లో బకెట్ల చప్పుడే ఎక్కువ. రెండో పాటకి అదీ తగ్గింది. పెరుగన్నం అయిపోయింది, ఎంగిలి చేతులు ఎండిపోయాయి, ఒక్కరూ లేవరే! వెనక నిలబడ్డ మూడో బంతి వాళ్ళూ కిక్కురుమనలేదు.

వడ్డించే అతను మాత్రం గోల పెట్టాడు. "లేవండి బాబూ, విస్తర్లు తీయాలి!"

"నువ్వుండవయ్యా, పిల్ల పాడుతోంది!" అని కసిరింది ఒక ముసలావిడ.

విజయమ్మ గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నా ఆనందానికి అంతు లేదు.

ఆదివారం చర్చి అయ్యాక నర్సాపురం స్టేషన్లో తిరుగు రైలెక్కితే, అదే పెట్టెలో సునీత. కాకినాడ ప్రయాణమట. ఈ పాటలు ఊళ్ళో, జనం మధ్య వినాల్సినవి. మీరూ వెళ్ళి వినండి అని అందరికీ చెబుదామనుకున్నానే!

"మళ్ళీ ఆఫీసుకేనా అమ్మా?"

కిటికీ బయట నుంచి విజయమ్మ గారు అందుకున్నారు. "మానేస్తానని చెప్పి రావడానికండి."

రైలు కదిలింది. ఆవిడ రెండడుగులు వెంట నడిచారు. "ఈసారి రండి! పాటంతా అయ్యాకే అన్నం పెడతాను!"