రెబ్కా తోమిన గ్రిల్లు

వినుకొండలో అల్లాబక్షు నడిపే, కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్ షెడ్డులో రెబ్కా పనిచేసేది. మొగుడు పోయాక నీళ్లు మోయడానికి చేరి, తర్వాత బ్రష్షు పట్టింది. మిర్చి కోతల రోజుల్లో వచ్చే కార్ల ముందు గ్రిల్లులో ఎర్రదుమ్ము, పత్తి నూగు, చచ్చిన పురుగులు కలిసి అట్టకట్టి ఉండేవి. రెబ్కా ముందు తడిపి నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో సందుసందునా తోమేది. ఆరాక మెరుపు పట్టీలకు పాలిష్ రాసేది, నల్ల ప్లాస్టిక్ అంచులు తెల్లబారకుండా మెత్తటి గుడ్డతో రుద్దేది. "రెబ్కా లేదా? అయితే రేపొస్తాం" అని బండి తిప్పుకుపోయే డ్రైవర్లుండేవాళ్లు.

2003 వేసవిలో పత్తి వ్యాపారి అంకమ్మరావు తన కొత్త క్వాలిస్ కారు తెచ్చి నిలబెట్టాడు. గ్రిల్లుకు దిష్టికి కట్టిన నిమ్మకాయల దండ కుళ్లిపోయి, రసం కారి, మెరుపు పట్టీల మీద మచ్చలు పడుతున్నాయి. బండంతా కడిగాక రెబ్కా ఆ దండ విప్పి, కాగితం మీద జాగ్రత్తగా పెట్టి, మచ్చలు తుడవసాగింది. టీ తాగి వచ్చిన అంకమ్మరావు అది చూశాడు.

"ఎవరే నిన్ను దండ ముట్టుకోమంది? గుళ్లో పూజ చేయించి కట్టింది అది!"

"విప్పకుండా ఎట్టా తోమేదండీ? గ్రిల్లు పాడైపోతంది."

"నోరు కూడానా? ఎక్కడ చెయ్యి పెట్టాలో మీవాళ్లకి ఎప్పటికి తెలుస్తుంది? ఇప్పుడు బండికి మళ్లీ పసుపునీళ్లు చల్లించాలి."

రెబ్కా లేచి నిలబడింది. మొహం జేవురించింది.

"పొద్దుటినుంచి సీట్లు తోమించుకున్నావ్, నీ కాళ్లకిందున్న బురద ఎత్తించుకున్నావ్. అప్పుడు గుర్తురాలేదా ఈ చేతులు?"

అతను కొట్టడానికి చెయ్యెత్తాడు. నీళ్ల మోటారు ఇంకా ఆడుతూనే ఉంది. రెబ్కా పైపు అందుకుని నీళ్లధార అతని గుండెల మీదికి కొట్టింది. తెల్లచొక్కాతో సహా అంకమ్మరావు బురదలో కూలబడ్డాడు.

అల్లాబక్షు పరుగున వచ్చి మోటారు ఆపాడు. "తప్పయిందని చెప్పమ్మా. పెద్దోళ్లతో మనకెందుకు?"

"అతనేమన్నాడో నువ్వు విన్నావా లేదా అన్నా?"

అల్లాబక్షు తల దించుకున్నాడు. అంకమ్మరావు తిట్ల కంటే ఆ మౌనమే ఆమెను ఎక్కువ మండించింది. బ్రష్షు తొట్లో విసిరికొట్టి వెళ్లిపోయింది.

పోలీసు కేసు పెడతానని అంకమ్మరావు ఊరంతా అరిచాడు గానీ, పెట్టలేదు. పత్తి వ్యాపారుల కార్లు మాత్రం ఆ షెడ్డుకు రావడం మానేశాయి. రెబ్కా లారీల గ్యారేజీలో పనికి కుదిరింది.

కొన్నాళ్లకు అల్లాబక్షు తన భార్య జానీబీని వెంటబెట్టుకుని రెబ్కా ఇంటికి వచ్చాడు. రెబ్కా కుర్చీలు వేసి మంచినీళ్లిచ్చింది.

"ఆ రోజు భయపడ్డానమ్మా. మళ్లీ పనిలోకి రా."

"భయం నాకూ ఉందన్నా. అయినా మాట్లాడాను. నువ్వు పక్కన నిలబడితే చాలనుకున్నా. అదీ చెయ్యలేదు. నేను రాను."

"పక్కన నిలబడాల్సిందని నేనూ ఈయనకి చెప్పాను," అంది జానీబీ, మొగుడి వైపు చూడకుండా.

రెబ్కా మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఇప్పటికీ ఆ రోజు సంగతి ఎత్తితే ఆమె గొంతు లేస్తుంది. "పోనీలే" అన్నవాళ్లను మాత్రం అక్కడే నిలబెట్టి కడిగేస్తుంది.