కుడికాలి కింద బ్రేకు

మా అక్క ఫియట్ కారు అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనకవైపు రేకుల షెడ్డులో ఆరేళ్లుగా కదలకుండా ఉంది. ఈ వేసవిలో నీళ్లకు కటకట వచ్చి, ఆ షెడ్డు ఉన్నచోటే కొత్త సంపు తవ్వాలని అందరూ అనుకున్నారు. పై అంతస్తు ఆయన వచ్చి, "వీలైనంత తొందరగా కారు తీయించండమ్మా, ఏమీ అనుకోకండి" అని చెప్పి వెళ్లాడు. ఆయన మాట్లాడింది నాతోనే. పక్క గదిలో మంచం మీద కూర్చున్న అక్క అంతా విన్నది.

అక్కకు మాట లేదు. పక్షవాతం వచ్చినప్పుడు కుడిచెయ్యి, కుడికాలు, మాట ఒకేసారి పోయాయి. కొన్ని నెలల తర్వాత ఒక్క మాట తిరిగొచ్చింది. "సరే." ఆకలేసినా అదే, వద్దనాలన్నా అదే, కోపమొచ్చినా అదే. గొంతును బట్టి నేను అర్థం చేసుకుంటాను. ఒక్కోసారి పొరబడతాను కూడా.

అక్క పెళ్లి చేసుకోలేదు. ఆఫీసుకు వెళ్లిరావడానికని సెకండ్ హ్యాండ్‌లో ఆ కారు కొనుక్కుంది. చిక్కడపల్లి సందుల్లో చీరకొంగు నడుముకు దోపుకుని ఆమె కారు మలుపుతుంటే సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మా ఆయన చనిపోయిన ఏడాది, నల్లకుంటలోని మా ఇంటికి వచ్చి, నన్నూ నా రెండు పెట్టెలనూ ఆ కారులోనే తన ఇంటికి తెచ్చుకుంది. "నువ్వూ నేర్చుకోవే" అని ఎన్నిసార్లు అన్నదో. "నువ్వున్నావుగా" అనేదాన్ని.

పక్షవాతం వచ్చిన రోజు మేమిద్దరం నారాయణగూడలో కూరగాయలు కొనుక్కుని కారులో వస్తున్నాం. దారిలో "కాలు బరువుగా ఉందే" అన్నది. ఎండలో నిలబడి అలా ఉందేమో అనుకున్నాం. నెమ్మదిగా ఇంటిదాకా వచ్చింది. షెడ్డులో పెట్టి, ఎడమచేత్తో హ్యాండ్‌బ్రేక్ లాగింది. తర్వాత తన వైపు తలుపు తీయబోతే చెయ్యి లేవలేదు. "నువ్వొచ్చి తియ్యవే" అన్నది. ఆమె నోటి నుంచి నేను విన్న చివరి పూర్తి వాక్యం అదే.

సంపు మాట వచ్చాక, ముందునుంచీ ఆ కారు చూసే మెకానిక్‌కు ఫోన్ చేశాను. నారాయణగూడలో ఆయనకు చిన్న షెడ్డు ఉంది. ఇంటికొచ్చాడు; గడ్డం బాగా నెరిసిపోయింది. చక్రాల కుర్చీలో అక్కను చూసి చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు.

"నమస్తే అమ్మా. గుర్తువట్టిండ్రా నన్ను?"

"సరే, సరే" అన్నది అక్క. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం విప్పారింది. కారున్న షెడ్డు దగ్గరికి తీసుకెళ్లమని చెయ్యి చూపించింది. కుర్చీ తోసుకెళ్లి నీడలో ఆపాను.

మెకానిక్ కారును వెనకనుంచి నెట్టి చూశాడు. చక్రం తిరగలేదు.

"బ్రేకులు పట్టేసినయమ్మా. హ్యాండ్‌బ్రేక్ గుంజి ఉన్నది గదా, లోపల లైనర్ వోయి డ్రమ్ముకు అతుక్కపోయి ఉంటది. ఇప్పితే గాని తెల్వదు."

జాకీ పెట్టి వెనక చక్రం ఊడదీశాడు. చక్రం వెనకుండే ఇనుప డ్రమ్ము అంచుల్లో తుప్పు వదిలే నూనె కొట్టి, అది దిగేదాకా టీ తాగాడు. ఆ తర్వాత సుత్తితో చుట్టూ కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు సందంతా మోగింది. పక్క హాస్టల్ కిటికీలోంచి పరీక్షలకు చదివే అబ్బాయి ఒకడు తల బయటపెట్టి, "అన్నా, జర మెల్లగ! చదువుకుంటున్నం" అని అరిచాడు.

"అయిపోతది తమ్మీ" అన్నాడు మెకానిక్. అయిపోలేదు. కొట్టడం, నూనె వేయడం, మళ్లీ కొట్టడం. దెబ్బ పడినప్పుడల్లా అక్క కళ్లార్పేది. లోపలికి తీసుకెళ్లనా అంటే తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం దాటాక డ్రమ్ము ఒక్కసారిగా ఊడి మెకానిక్ ఒళ్లో పడింది. బ్రేకు నొక్కినప్పుడు చక్రాన్ని పట్టి ఆపే లైనర్ ముక్క, ఆయన అన్నట్టే, ఊడిపోయి డ్రమ్ము గోడకే కరుచుకుని ఉంది. బ్రేక్ ఆయిల్ నల్లగా కషాయంలా అయిపోయింది.

మిగతా చక్రాలూ విప్పి, పాడైన సామాను మార్చేసరికి మర్నాడు సాయంత్రమైంది.

"ఇగ ఆయిల్ పైపులల్ల గాలి తీసుడే ఉన్నది" అన్నాడు మెకానిక్. "ఒకలు లోపల కూసోని, నేను చెప్పినప్పుడల్లా బ్రేక్ తొక్కాలె. ఆ హాస్టల్ తమ్మిని పిలుస్తరా?"

నేను అటు తిరిగేలోపు అక్క ఎడమచేత్తో తన గుండె మీద కొట్టుకుంది. "సరే! సరే!"

మెకానిక్ నా వైపు చూశాడు. "అమ్మతోని అయితదా?"

అక్క అప్పటికే కుర్చీ చేతిని పట్టుకుని లేవబోతోంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాం. సీటు చిరిగి స్పాంజి బయటకొచ్చింది. ఆమె అదేమీ చూడలేదు. ఎడమచేత్తో కుడి మోకాలిని ఎత్తి, పాదాన్ని జాగ్రత్తగా బ్రేకు మీద పెట్టుకుంది. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా ఉన్న గోడకేసి, రోడ్డును చూసినట్టు చూసింది.

మెకానిక్ వెనక చక్రం దగ్గర పడుకున్నాడు. "తొక్కుండ్రి అమ్మా."

అక్క పెదవులు బిగించింది. తొడ సన్నగా వణికింది. పాదం పెట్టిన చోటే ఉంది.

"అమ్మా, తొక్కుండ్రి."

నేను కిటికీ దగ్గరికి వంగి, "ఎడమకాలితో తొక్కక్కా, ఏ కాలైతేనేం" అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు. మెడ మీద నరాలు పొంగాయి. నుదుటి మీద చెమట పట్టింది. కాలు మాత్రం ఆమెది కానట్టు పడి ఉంది.

మెకానిక్ తలెత్తి చూశాడు. ఆయనకు అర్థమైంది. మళ్లీ పడుకుని, "ఆఁ, వస్తున్నదమ్మా, గాలి వస్తున్నది. మంచిగ తొక్కుతున్నరు" అన్నాడు.

ఆ మంచితనమే ఆమెను దెబ్బతీసింది. ముప్పై ఏళ్లు ఆ బ్రేకు తొక్కిన మనిషి. అది కిందికి దిగిందో లేదో ఆమెకు ఒకరు చెప్పాలా? స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "సరే" అన్నది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఏడుపు కాదు, కోపం కాదు. దుకాణం మూసేసేవాడు చివరి షట్టరు దించినట్టుంది.

ఆమెను దించి కుర్చీలో కూర్చోబెట్టాం. తర్వాత నేనే ఆ సీట్లో కూర్చున్నాను. మెకానిక్ చెప్పినట్టల్లా తొక్కి పట్టుకున్నాను, వదిలాను. మొదట మెత్తగా లోపలికి పోయిన బ్రేకు కాసేపటికి పాదం కింద గట్టిపడింది. ఆయన చక్రాన్ని చేత్తో తిప్పితే తిరిగింది, నేను తొక్కితే ఆగింది. నా వెనక అక్క ఏం చేస్తోందో తిరిగి చూడలేకపోయాను.

మర్నాడు హాస్టల్ కుర్రాళ్లు వచ్చి నెట్టారు. కారు సులువుగానే గేటు దాటింది. అమ్మేద్దామా అని అక్కను అడిగితే తలూపింది. మెకానిక్ తెచ్చిన మనిషి కాచిగూడ నుంచి వచ్చి, తాడు కట్టించి లాక్కుపోయాడు. అక్క కిటికీ దగ్గరికి రాలేదు.

ఎప్పుడూ వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఆ వారం కూడా వచ్చింది. అక్కకు కాలి వ్యాయామమంటే పట్టుదల. జ్వరమున్నా మానేది కాదు. బాత్రూముకైనా తనంతట తాను నడవాలని ఆ తాపత్రయమేమో అనుకునేదాన్ని. ఆ రోజు ఆ అమ్మాయి, అక్క కుడిపాదం కింద చెయ్యి పెట్టి, "నొక్కండి ఆంటీ, ఎప్పట్లాగే" అన్నది. అక్క కాలును చేత్తో పక్కకు లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్లూ ఆ పాదంతో ఆమె దేన్ని నొక్కడం నేర్చుకుంటోందో నాకు అప్పుడు తెలిసింది.

మళ్లీ మొదలుపెట్టించాలని అమ్మాయీ నేనూ చాలా ప్రయత్నించాం. ఆమె వినలేదు. ఇప్పుడు పొద్దున్నే నేనే ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, నువ్వుల నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటీ వంచి వదులుతాను. అక్క అభ్యంతరం చెప్పదు. ఫ్యాను చూస్తూ పడుకుంటుంది. వెనక సంపు తవ్వేవాళ్ల గడ్డపారల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.