నేల మీద కూర్చునే డాక్టరమ్మ

జహీరాబాద్ పశువుల దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉండేది. ఇనుప బల్ల ఉన్నా, కుక్కనో పిల్లినో తెస్తే ముందు నేల మీద కూర్చునేది. వాసన చూసుకొమ్మని అరచెయ్యి చాపి, అది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఆగేది.

హైవే మీద లారీ తగిలి మా కుక్క మోతీ వెనక కాలు నుజ్జయింది. నాన్న దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. కాలు తీసెయ్యాలని ఆమె చెప్పగానే ఆయన అడ్డంగా తల ఊపాడు.

"వద్దు డాక్టరమ్మా. మూడు కాళ్లతోని ఎట్ల బతుకుతది? సూదేసి దాని పానం పోనియ్యున్రి."

ఆమె నేల మీదే కూర్చుని మోతీ తలను ఒళ్లోకి తీసుకుంది.

"కాలు పోతదని మీకు బాధ, కాకా. దానికి మీరుంటే చాలు. గింత నొప్పిల గూడ మీ దిక్కే చూస్తుంది, చూడున్రి."

నాన్న చూశాడు. దాని తల నిమిరి, "సరే, చెయ్యున్రి" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక, కట్టు మార్పించడానికి వెళ్లిన రోజున మోతీ తొలిసారి లేచింది. పడింది. పట్టుకోబోతే డాక్టరమ్మ నన్ను ఆపింది. అది మళ్లీ లేచి, కుంటుకుంటూ వెళ్లి నాన్న మోకాళ్లకు తల ఆనించింది. ఎవరి ముందూ ఏడవని మా నాన్న దాన్ని ఎత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

డాక్టరమ్మ మెల్లగా బయటికి నడిచి తలుపు దగ్గరికి వేసింది.

"జర ఆగున్రి, లోపల పనుంది" అని బయట కూర్చున్నవాళ్లకు చెప్పింది.