ఏడు రోజుల నక్షత్రం

మిహారా రేవు వెనక వీధిలో సెలూన్ నడిపే ఒకినో మోరియోకు యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా రాత్రయితే నక్షత్రాల వెలుగు కొలుస్తున్నా ఆయన పేరున ఒక్క ఆవిష్కరణా లేదు. కొత్త తోకచుక్క కనిపెట్టానని రెండుసార్లు సంబరపడ్డారు. ఒకటి లెన్సు మీద వేలిముద్ర, రెండోది చేపల పడవ దీపం. ఇవి గిట్టనివాళ్లు పుట్టించిన కబుర్లు కావు. క్షవరానికి వచ్చిన ప్రతివారికీ ఆయనే చెప్పుకుని నవ్వేవారు.

అలాంటి మనిషికి ఈ చలికాలంలో అదృష్టం పట్టింది. తిమింగలం ఆకారంలో ఉందంటారే, ఆ చుక్కల గుంపులో ఓ బక్క చుక్క ఉంది. ఇంచుమించు మన సూర్యుడే, వెలుగు కాస్త తక్కువ. వయసులో మాత్రం సూర్యుడికి మనవడు. పడుచు రక్తం కదా, గిర్రున తిరుగుతుంది. తన చుట్టూ తాను తిరగడానికి సూర్యుడికి పాతిక రోజులపైన పడితే, దీనికి తొమ్మిది చాలు. ఒంటినిండా మచ్చలు. మచ్చల వైపు మనకేసి తిరిగినప్పుడు వెలుగు నూటికి మూడు నాలుగు వంతులు తగ్గుతుంది. దూరం ముప్పై కాంతి సంవత్సరాలు. చుక్కల లెక్కలో అది పక్కిల్లే.

ఒకినో గారు మేడమీద బట్టలారేసే చోట కెమెరా బిగించి, డిసెంబరు నుంచీ ఆ వెలుగును పక్కనున్న స్థిరమైన చుక్కతో పోల్చి కొలిచారు. ఆయన జాగ్రత్త అంతా ఇంతా కాదు. గాలి పొర మందం మారకూడదని, చుక్క రోజూ ఆకాశంలో సరిగ్గా అదే చోటికి వచ్చాకే ఫొటో తీసేవారు. చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పైకొస్తాయి కనుక ఆయనా అంత ముందుగా మేడ ఎక్కేవారు. ఆ పని కాగానే తువ్వాలు భుజాన వేసుకుని, ఊరివాళ్లంతా డబ్బిచ్చి వేణ్ణీళ్ల స్నానం చేసే వెనక వీధి స్నానశాలకు.

ఫిబ్రవరిలో గ్రాఫు గీశారు. వెలుగు పెరిగేది ఏడు రోజులకోసారి! మధ్యలో ఒకరోజు వరస తప్పి భగ్గుమంది కూడా. దాని పక్కన "మహాజ్వాల" అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఆదివారం ఒకాయామాలో నక్షత్ర పరిశీలకుల సమావేశం. ఆయన ప్రసంగం పేరు అచ్చయిపోయింది: "తొమ్మిది కాదు, ఏడు." కొత్త టై కూడా కొన్నారు.

శనివారం మధ్యాహ్నం స్నానశాల యజమానురాలు ఫుసాఏ ముఖం మీది నూగు తీయించుకోవడానికి వచ్చి కుర్చీలో వెనక్కి వాలింది.

"మాస్టారూ, గోడమీద అదేంటి, నా గుండె రిపోర్టులా ఉంది?"

"కదలకండి ఫుసాఏ గారూ, చేతిలో కత్తి ఉంది. అది నా నక్షత్రం. వారానికోసారి ఎలా లేస్తోందో చూశారా? ప్రపంచంలో ఇంకెవరికీ తెలీదు."

"లేచినవి ఏ రోజులు? కింద అన్నీ లక్షల్లో వేశారే."

నక్షత్రాలు కొలిచేవాళ్లకు వారాలూ నెలలూ ఉండవు. ఎన్నో వేల ఏళ్ల కిందట ఒకటో రోజు అని మొదలుపెట్టి, రోజుకొకటి కలుపుకుంటూ ఇరవై నాలుగు లక్షల అరవై ఒక్క వేల చిల్లరకు వచ్చారు. ఒకినో గారు గర్వంగా మామూలు తేదీల్లోకి మార్చి చదివారు.

"జనవరి తొమ్మిది, పదహారు, ఇరవై మూడు, ముప్పై..."

వేడి తువ్వాళ్లు మడతపెడుతున్న భార్య చిజుకో క్యాలెండరు వైపు చూసింది. "ఏమండీ, అన్నీ శుక్రవారాలేనండీ."

కత్తి గాల్లో ఆగిపోయింది.

"శుక్రవారం నాకు సెలవు కదా," అంది ఫుసాఏ సబ్బు నురగలోంచి. "పొయ్యి వెలిగించను."

ఒకినో గారు గ్రాఫులో "మహాజ్వాల" అన్నచోట వేలు పెట్టారు. "మరి... జనవరి ఇరవై ఎనిమిది?"

"బాయిలర్ పగిలిందిగా! నీళ్లు కాగలేదంటే నన్ను తిట్టుకుంటూ వెనక్కి పోయారు, అప్పుడే మర్చిపోయారా?"

ముగ్గురూ కిటికీలోంచి చూశారు. స్నానశాల పొగగొట్టం నిటారుగా నిలబడి ఉంది. దాని పొగ రోజూ ఎటు వాలుతుందో సరిగ్గా ఆ చోటికే, నాలుగేసి నిమిషాలు లెక్కపెట్టి మరీ, ఆయన తన నక్షత్రాన్ని తెచ్చి నిలబెట్టారు. పక్క చుక్కకు ఆ పొగ తగల్లేదు; పొగ లేని రోజున తన చుక్క ఒక్కటే వెలుగు పెరిగినట్టు కనిపించింది.

"ముప్పై కాంతి సంవత్సరాలు కనిపించాయి గానీ ముప్పై గజాలు కనిపించలేదు మా ఆయనకి," అంది చిజుకో.

సాయంత్రం ఆయన సమావేశం కార్యదర్శి నిషిగోరికి ఫోన్ చేశారు. "రేపు రాలేనండీ. జ్వరం."

"అయ్యో, ఎంత ఉంది?"

"ముప్పై ఎనిమిది డిగ్రీలు... కాదులెండి. జ్వరం కాదు, పొగ." ఇక దాచలేక మొత్తం చెప్పేశారు.

అవతల కాసేపు దగ్గులాంటి శబ్దాలు వినిపించాయి. చివరికి నిషిగోరి గొంతు సవరించుకుని అన్నాడు: "ఒకినో గారూ, మీ పదిహేను నిమిషాలు ఎవరికీ ఇవ్వను. ఏం చెబుతారో మీ ఇష్టం."

రాత్రంతా జ్వరమే మేలనిపించింది. తెల్లారి మాత్రం టై కట్టుకుని రైలెక్కారు. నలభై మంది ముందు నిలబడి గ్రాఫు చూపించారు. "ఏడు రోజులన్నది నిజమేనండీ. కాకపోతే అది నక్షత్రానిది కాదు, మా వెనక వీధి స్నానశాలది."

హాలు గొల్లుమంది. ఇంతకంటే ఘోరం ఇంకేం జరుగుతుందిలే అని ఆయన దిగిపోబోతుంటే, ముందు వరసలో ఓ ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"పొగ మందం ఇంత నిలకడగా ఉందే, ఆ స్నానశాలలో ఏం కాలుస్తారు?"

"పాత ఇళ్లు కూల్చిన దూలాలండీ."

"ఎండినవేనా?"

"ఏడాది ఎండబెడతారు."

వెనకనుంచి మరొకావిడ లేచింది. "సెలవు రోజు ఎప్పుడైనా మారిందా?"

ఒకినో గారు టై సర్దుకుని వేదిక మధ్యకు వచ్చారు. "పదకొండు వారాల్లో ఒక్కసారి కూడా మారలేదు. ఏడు అంటే ఏడేనండీ."

హాల్లో అందరూ అది రాసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఆయన చెప్పిన అంకెను ఎవరూ కాదనకపోవడం అదే మొదటిసారి.