మోకరించని మేనత్త

కోపమొస్తే నబుకీరా చీపురు తీస్తుంది. ఆ రోజు ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడుస్తోంది. అన్న కిగ్గుండు పంపిన కబురు అలాంటిది మరి.

శనివారం మేనకోడలు నస్సూనా పెళ్ళి ఒప్పుకోలు. పందిట్లో మగపెళ్ళివారి వరస ముందు పిల్ల మేనత్త మోకరించి పలకరించాలి. వాళ్ళలోంచి పెళ్ళికొడుకును తాకి, పువ్వు గుచ్చి తేవాలి. ఆమె తాకేదాకా వాడు లేవకూడదు. తల్లి లేని ఆ పిల్లను పెంచింది నబుకీరాయే. ఇప్పుడేమో, "మోకరించలేని మనిషెందుకు? చిన్న చెల్లెలు చేస్తుందిలే" అన్నాడట అన్న.

బోడా అనే అద్దె మోటారుసైకిలు దిగుతూ కాలు మెలిపడినప్పుడు మోకాలి కీలులో, ఎముకల మధ్య ఉండే మెత్త చిరిగింది. డాక్టరు చిరిగినంత మేర కత్తిరించి తీసేశాడు. నడవగలిగింది, నిజమే. కానీ మోకాలు మడిచి బరువేస్తే లోపల కత్తి దించినట్టే. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత. మళ్ళీ వెళితే, "మిగిలిన మెత్త పలచన. మోకరించకు" అన్నాడు.

"ఈ మాట కొయ్యకముందు చెప్పొద్దా?" అంటే గోడ వంక చూశాడు.

పక్కింటి నమగండా ఊరుకోదుగా. "పాడైన ముక్క తీసి పారేశారు కదా వదినా! లేని ముక్కకి నొప్పేమిటి? వంగడానికి ఒళ్ళు బరువైందని చెప్పరాదూ?"

చీపురు విసిరికొట్టి అన్న ఇంటికి వెళ్ళింది నబుకీరా.

"గుమ్మంలో స్తంభంలా నిలబడ్డావేం? అన్నకు మోకరించడం కూడా మరిచావా?" అన్నాడు కిగ్గుండు.

"మరవలేదన్నయ్యా, కాలు మడవలేను."

"పట్నం డాక్టరు బాగైందన్నాడుగా. నీకే పొగరు."

"నా మోకాలు నీ దగ్గరుంచుకో! ఒక్క పూట మోసి చూడు, పొగరో నొప్పో తెలుస్తుంది!"

లోపలినుంచి నస్సూనా ఏడుపు గొంతుతో వచ్చింది. "అత్త రాకపోతే నేను గది దాటను నాన్నా."

శనివారం జనం చేరకముందే నబుకీరా వేడుకల్లో ఆడవాళ్ళు కట్టే గోమెసి కట్టుకుని పందిట్లోకి వచ్చింది. మగపెళ్ళివారి కుర్చీల ముందు చాప పరిచి కూర్చుంది. ఆడది చాప మీద కాలు చాపితే మర్యాద కాదు. ఆమె కుడికాలు తిన్నగా చాపింది. వచ్చినవాళ్ళంతా గుడ్లప్పగించి చూశారు. చెల్లెలు లేవబోయి, అక్క ముఖం చూసి మళ్ళీ కూలబడింది.

"అందరికీ దండాలు" అని గట్టిగా పలకరించి, ఎదుటి కుర్చీలో ఉన్న పెళ్ళికొడుకు బూటు మీద చెయ్యి వేసింది నబుకీరా. "ఒరేయ్ అబ్బాయ్, నిన్నే. నేను లేవలేను. నువ్వే వంగు."

కుర్రాడు కుర్చీ దిగి మోకరించాడు. ఆమె పువ్వు గుచ్చింది. పందిరంతా హుషారుగా కేకలేసింది. కిగ్గుండు పళ్ళు కొరుకుతూ దగ్గరికొచ్చాడు.

"పరువు తీశావు కదే!"

"కిందే కూర్చున్నాగా అన్నయ్యా! ఇంతకన్నా కిందికి దించాలంటే పూడ్చిపెట్టాలి!"

ఆ పూట ఆమె వడ్డించిన మటోకె అరటికాయ ముద్దను అన్న ముట్టలేదు. ఆమె బతిమాలనూ లేదు. ఆ అరిటాకు ముందుకు లాక్కుని, వేరుశనగ పులుసు దండిగా పోసుకుని, కాలు చాపుకునే తింది.